సర్కారు డబ్బు తీసుకుంటే నాటకం మనదిగా మిగులుతుందా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చిక్కడపల్లిలో పద్నాలుగు మందితో ఆరేళ్లుగా నాటక సంఘం నడుపుతున్నారు. ఏడాదికి రెండు నాటకాలు వేస్తున్నారు. చందాలతో ఇక బండి లాగలేకపోతున్నారు. ప్రభుత్వ గ్రాంటుకు పెట్టుకుందామని సభ్యుల్లో సగం మంది అంటుంటే, పెట్టుకుంటే వాళ్లు చెప్పిందే ఆడాల్సి వస్తుందని మిగతా సగం భయపడుతున్నారు. మీకు ముందే జవాబిచ్చిన ఒకాయన "ఆటగాళ్లకు కోట్లిస్తారు, నాటకం వాళ్లకు శాలువా కప్పి పంపిస్తారు" అన్నారు. ఆ మాటకు కూడా జవాబు చెబుతాను, మీ ప్రశ్నకూ దానికీ సంబంధం ఉంది.

నేను 31 ఏళ్లు రాష్ట్ర ప్రభుత్వంలో బిల్లులు పాస్ చేసే వైపు పనిచేసి రిటైరయ్యాను. సాయంత్రాలు ఒక నాటక సంఘానికి కోశాధికారిగా ఉండేవాణ్ణి. అంటే పగలు కౌంటరు లోపల, సాయంత్రం కౌంటరు బయట. రెండు వైపులా నిలబడ్డాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: పెట్టుకోండి. అయితే ఏ డబ్బుకు పెట్టుకుంటున్నారో తెలుసుకుని పెట్టుకోండి.

కళకైనా ఆటకైనా ప్రభుత్వం నుంచి వచ్చే డబ్బు రెండు రకాలు. ఒకటి కాగితం మీద రాసి ఉన్న నియమం ప్రకారం వచ్చేది. దానికి పథకం ఉంటుంది, దరఖాస్తుకు గడువు ఉంటుంది, ఎంపిక కమిటీ ఉంటుంది, రాకపోతే ఎందుకు రాలేదని అడిగే వీలుంటుంది. రెండోది వేదిక మీద మైకులో ప్రకటిస్తే వచ్చేది. మొదటి రకం తీసుకుని స్వేచ్ఛ పోగొట్టుకున్న సంఘాలను నేను చాలా తక్కువ చూశాను. రెండో రకానికి అలవాటు పడినవాళ్లు మెల్లమెల్లగా మారిపోవడం మాత్రం కళ్లారా చూశాను.

మొదటి రకానికి ఉదాహరణ మీ ఇంటి దగ్గరే ఉంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి మీరు వెళ్లే ఉంటారు. పోటీ పరీక్షల పిల్లలు తెల్లారేసరికి వచ్చి కూర్చుంటారు. మన గ్రంథాలయాలు 1960 నాటి చట్టం మీద నడుస్తున్నాయి. మనం కట్టే ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఏ పార్టీ గెలిచినా, ఎవరు మంత్రి అయినా ఆ 8 పైసలు చట్టంలో రాసే ఉంటాయి. వసూలైన సెస్సు మునిసిపాలిటీ నుంచి గ్రంథాలయ సంస్థకు సమయానికి చేరడం వేరే పోరాటమే, కాదనను. కానీ ఆ పోరాటంలో అడిగేవాడి చేతిలో చట్టం ఉంటుంది. నాటకానికి మన రాష్ట్రంలో అలాంటి సెస్సు లేదు. ఉండి తీరాలని నా నమ్మకం.

ఇప్పుడు ఆటల సంగతి. 2016లో రియోలో రజతం గెలిచి వచ్చిన సింధుకు మన ప్రభుత్వం 5 కోట్లు ప్రకటించింది. 2022లో బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్‌కు 2 కోట్లు, ఇంటి స్థలం ఇచ్చారు. వాళ్లు దానికి నూరు శాతం అర్హులు. అయితే అది గెలిచాక వచ్చిన డబ్బు. గెలవకముందు పొద్దున్నే నాలుగింటికి లేచి గ్రౌండుకు వెళ్లిన పదేళ్లూ ఎవరు భరించారు? తల్లిదండ్రులు. ప్రకటన డబ్బు ఫలితాన్ని చూసి వస్తుంది. కష్టపడే రోజుల్లో కావలసింది నియమం డబ్బు. 2018లో మొదలైన ఖేలో ఇండియా అనే కేంద్ర పథకంలో ఎంపికైన పిల్లలకు నెలకు 10,000 రూపాయల చేతిఖర్చు ఇస్తారు. ఒలింపిక్స్ స్థాయివాళ్లకు టాప్స్ పథకంలో నెలకు 50,000. పేపర్లో పెద్ద అక్షరాలతో పడేవి కోట్లే. పిల్లను శిక్షణలో నిలబెట్టేది ఆ నెలనెలా వచ్చే పదివేలు.

గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో ప్రభుత్వ సాయానికి నేను చూసిన మంచి నమూనా అదే. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక ఆయన అడిగింది శిక్షణకు చోటు. 2003లో అప్పటి ప్రభుత్వం గచ్చిబౌలిలో 5 ఎకరాలు లీజుకు ఇచ్చింది. కట్టడానికి ఆయన సొంత ఇల్లు తాకట్టు పెట్టారు, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లు ఇచ్చారు, 2008కి అకాడమీ తలుపులు తెరిచింది. 2012 లండన్‌లో సైనా కాంస్యం, నాలుగేళ్లకు సింధు రజతం ఆ కోర్టుల నుంచే వచ్చాయి. ప్రభుత్వం అక్కడ ఏటేటా చెక్కు రాయలేదు. చోటు ఇచ్చి పక్కకు తప్పుకుంది. అదే గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడల కోసం పెద్ద స్టేడియాలు కట్టారు. కట్టడానికి ఒక్కసారి డబ్బు దొరుకుతుంది. తర్వాత లైట్లు వెలిగించడానికి, గడ్డి కోయించడానికి, నీళ్లు పెట్టించడానికి ప్రతి బడ్జెట్‌లోనూ మళ్లీ మొదటి నుంచి అడగాలి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మీ సంఘానికి ఏం అడగాలో చెప్పేటప్పుడు దీని దగ్గరికే మళ్లీ వస్తాను.

లెక్కల భాషలో ఇవన్నీ పక్కపక్క గదులే. బడ్జెట్ పుస్తకంలో పద్దు నంబరు 2204 క్రీడలు, యువజన సేవలు. 2205 కళలు, సంస్కృతి. 2220 సమాచారం, ప్రచారం. నాటకమూ ఆటలూ అయితే రాజ్యాంగంలో ఒకే వాక్యంలో ఉన్నాయి: ఏడో షెడ్యూలు, రాష్ట్ర జాబితా, 33వ అంశం. నాటక ప్రదర్శనలు, ఆటలు, వినోదాలు అన్నీ రాష్ట్రం చూసుకోవలసినవే. రేడియో, టీవీ ప్రసారాలు, సినిమాకు సర్టిఫికెట్ ఇవ్వడం కేంద్రం చేతిలో ఉన్నాయి. అందుకే సినిమాకు ప్రదర్శనకు ముందే బోర్డు అనుమతి కావాలి, మీ నాటకానికి అక్కర్లేదు. బ్రిటిష్ వాళ్లు 1876లో తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టం ఒకటి ఉండేది, దాన్ని పార్లమెంటు రద్దు చేయడం 2018లో అమల్లోకి వచ్చింది. వీధిలో ఆడితే పోలీసు అనుమతి తీసుకోవాలి, అది వేరు.

మరి స్వేచ్ఛ ఎక్కడ పోతుంది? నా అనుభవంలో రెండు చోట్ల పోయింది. రెండూ చెబుతాను.

మా సంఘానికి ఒక ఏడాది ప్రదర్శన గ్రాంటు వచ్చింది. స్క్రిప్టు ఇవ్వమని ఎవరూ అడగలేదు, ఒక్క డైలాగు తీయమనలేదు. ముఖ్య అతిథిగా ఒకరిని, విశిష్ట అతిథులుగా నలుగురిని పిలవమన్నారు. పిలిచాం. ఆరింటికి మొదలవ్వాల్సిన సభ ఏడింటికి మొదలైంది. ప్రసంగాలు, జ్ఞాపికలు, సన్మానాలు అన్నీ అయ్యేసరికి ఎనిమిదీ నలభై. తొమ్మిదిన్నరకు హాలు ఖాళీ చేయాలి. రెండు నెలలు రిహార్సల్ చేసిన నాటకంలో చివరి రంగం ఆడలేకపోయాం. ఆ రంగంలో తల్లి పాత్ర వేసిన అమ్మాయి మేకప్‌తోనే వింగ్స్‌లో నిలబడి ఏడ్చింది. ఇప్పటికీ ఆ ముఖం నాకు కనిపిస్తుంది. అందుకే సభ వేరు, నాటకం వేరు అని ముందే ఉత్తరంలో రాసి పంపండి. నాటకం ముందు, సభ తర్వాత. ఒప్పుకోని అతిథి రాకపోయినా నష్టం లేదు.

రెండోది దీనికంటే బాధపెట్టేది. తర్వాతి ఏడాది దరఖాస్తు రాయడానికి కూర్చున్నప్పుడు మా దగ్గర రెండు నాటకాలు ఉన్నాయి. ఒకటి భూమి పోగొట్టుకున్న కుటుంబం గురించి, ఒకటి పౌరాణికం. ఎవరూ ఏమీ అనకుండానే మేమే పౌరాణికం పేరు రాశాం. "ఎందుకొచ్చిన గొడవ" అన్నది నేనే. పౌరాణికం చిన్నదని కాదు, మాకు ఆ ఏడాది ఆడాలనిపించింది అది కాదు. మీ సభ్యుల్లో భయపడుతున్న సగం మంది ఆఫీసువాళ్లను చూసి భయపడుతున్నారు. నేనైతే దరఖాస్తు ఫారం ముందు కూర్చున్న మనల్ని చూసి భయపడమంటాను. ఏ నాటకం ఆడాలో ముందు సభ్యులంతా తేల్చుకోండి. మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టండి. ఆ తర్వాతే దానికి డబ్బు ఎక్కడ దొరుకుతుందో వెతకండి.

సంస్థలకు కూడా ఇదే కథ. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1957లో పుట్టింది. సంగీత నాటక, లలిత కళా అకాడమీలు కూడా ఉండేవి. ప్రభుత్వం డబ్బిచ్చినా నిర్ణయాలు రచయితలు, కళాకారులు తీసుకోవాలన్నది వాటి ఉద్దేశం. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం వాటిని రద్దు చేసింది. తర్వాత 1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయం పెట్టి వాటిని అందులో కలిపారు. విశ్వవిద్యాలయం మంచి పనులు చేసింది, కాదనను. కానీ ఒక అకాడమీ బతుకు ఒక నిర్ణయంతో ఆగిపోగలదని ఆ రోజు మాకు తెలిసింది. తెలంగాణ వచ్చాక 2017లో సాహిత్య అకాడమీ మళ్లీ పెట్టారు. ఢిల్లీలో ఉన్న కేంద్ర సంగీత నాటక అకాడమీ 1952 నుంచి ఆగకుండా నడుస్తోంది. ఎవరి దగ్గరికి వెళ్లినా "ఈ పథకం ఎన్నేళ్లుగా ఉంది?" అని మొదట అడగండి. పదేళ్లు నిలిచిన పథకం మీద ఆధారపడొచ్చు. నిన్న ప్రకటించిన దానికి దరఖాస్తు పెట్టండి, దాన్ని నమ్ముకుని హాలు మాత్రం బుక్ చేయకండి.

సాంస్కృతిక సారథి గురించి మీ సభ్యులెవరో అడిగారని రాశారు. అది గ్రాంటు కాదు, ఉద్యోగం. రాష్ట్రం వచ్చాక ఉద్యమంలో పాడిన సుమారు 550 మంది కళాకారులను నెల జీతం మీద తీసుకుని, ప్రభుత్వ పథకాల గురించి ఊరూరా పాడిస్తున్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. డప్పు కొట్టిన చేతికి నెలకోసారి జీతం రావడం చిన్న విషయం కాదు, ఆ ఇళ్లలో పిల్లలు చదువుకుంటున్నారు. కానీ పాట ఏదో నిర్ణయించేది జీతమిచ్చేవాళ్లు. మీరు కోరుకుంటున్నది అది కాకపోతే ఆ దారిని, గ్రాంటు దారిని ఒకే గాటన కట్టకండి. పత్రికల వాళ్లకు ఇదే చిక్కు ప్రభుత్వ ప్రకటనల రూపంలో వస్తుంది. ఆకాశవాణి, దూరదర్శన్‌లకు 1997 నుంచి ప్రసార భారతి అనే వేరే సంస్థ ఉన్నా డబ్బు కోసం కేంద్రం వైపే చూడాలి. అయినా మీ నటులను హైదరాబాద్ ఆకాశవాణిలో నాటక ఆడిషన్‌కు పంపండి. గ్రేడు వస్తే గొంతుకు విలువ, నాలుగు డబ్బులు, రెండూ ఉంటాయి.

ఇక మీకు పనికొచ్చే పథకాలు. కేంద్ర సాంస్కృతిక శాఖలో గురు శిష్య పరంపర సాయం ఉంది, పాతవాళ్లు దాన్ని రెపర్టరీ గ్రాంటు అంటారు. గురువుకు నెలకు 15,000, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 వరకు. రోజూ రిహార్సల్ చేసే బృందాలకు అది వరం. మీలా ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో కలిసేవాళ్లకు అది సరిపడదు, నిజం కాని హాజరు పట్టీలు రాయాల్సి వస్తుంది. ఆ పని మాత్రం చేయొద్దు. మీకు సరిపడేది అదే శాఖ ఇచ్చే ప్రదర్శన గ్రాంటు. అది 5 లక్షల వరకు ఇస్తారు, మొదటి విడత ముందు, మిగతాది లెక్కలు ఇచ్చాక. సంఘం రిజిస్టరై మూడేళ్లు దాటి ఉండాలి, మీకు దాటింది. స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నంబరు తీసుకోవాలి. మన సొసైటీల చట్టం ప్రకారం కార్యవర్గం జాబితాను ఏటా రిజిస్ట్రార్‌కు ఇస్తూ ఉండాలి. చాలా సంఘాలు ఇక్కడే దొరికిపోతాయి. మీది ఆరేళ్లలో ఎన్నిసార్లు ఇచ్చారో రేపే చూసుకోండి. మీ బృందంలో 60 దాటిన, ఆదాయం బాగా తక్కువున్న కళాకారులు ఎవరైనా ఉంటే కేంద్రం ఇచ్చే నెల సాయం వేరే ఉంది, 6,000 వరకు. వాళ్ల చేత దరఖాస్తు మీరే కూర్చుని రాయించండి, వాళ్లంతట వాళ్లు రాయరు.

గ్రాంటుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవండి. ఆ డబ్బు మీద వచ్చిన వడ్డీ మీది కాదు, ప్రభుత్వానిది. ఏటా 12-ఎ ఫారంలో వినియోగ పత్రం ఇవ్వాలి. సీఏ సంతకం కావాలి. గ్రాంటుతో కొన్న లైట్లు, మైకులు రిజిస్టరులో రాయాలి, అనుమతి లేకుండా అమ్మకూడదు. ఇవి చూసి టెన్షన్ పడకండి. ఈ కాగితాలే మీకు రక్ష. లెక్క సరిగ్గా ఉన్న సంఘాన్ని ఎవరూ బెదిరించలేరు, ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడాల్సిన అవసరమూ రాదు.

ఆలస్యం గురించి మాత్రం ముందే చెప్పాలి, ముఖ్యంగా రాష్ట్రం డబ్బు విషయంలో. జీవో వచ్చిందంటే డబ్బు వచ్చినట్టు కాదు. జీవో తర్వాత ఆర్థిక శాఖ బడ్జెట్ రిలీజ్ చేయాలి, గ్రాంటు ఇచ్చే శాఖ వాళ్లు బిల్లు పెట్టాలి, టోకెన్ నంబరు పడాలి, పాస్ కావాలి, పాసయ్యాక కూడా క్యూలో ఉంటుంది. మార్చి 31 దాటితే చాలా బిల్లులు వెనక్కి వెళ్లి మళ్లీ కొత్త ఏడాదిలో మంజూరు కావాలి. నేను కౌంటరు లోపల కూర్చుని ఎన్నో బిల్లులు అలా వెనక్కి పంపాను. నియమం అది. కానీ ఒక ఏడాది మా సంఘం బిల్లే అలా వెళ్లిపోయింది. జులైలో జీవో చూసి, ఆగస్టులో నాటకం వేసేశాం. మేకప్ ఆయనకు, లైట్ల కుర్రాడికి "గ్రాంటు రాగానే" అన్నాం. పదకొండు నెలలు పట్టింది. మేకప్ ఆయన ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదు. నల్లకుంటలో మేమిద్దరం రోజూ కలిసే టీ కొట్టుకు రావడం మానేశాడు. అప్పు ఇచ్చినవాడు మొహమాటపడి తప్పుకుని తిరిగాడు. అది నేను మర్చిపోలేను.

మీ దరఖాస్తు ఎక్కడ ఆగిందో తెలియకపోతే సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. ఏ తేదీన ఏ బల్ల మీద ఉందో చెప్పమనండి, అంతే. కోపంగా రాయకండి. ఆ ఉత్తరం ఫైలును కదిలిస్తుంది, లోపల ఉన్న రోజుల్లో నేను స్వయంగా చూశాను.

ఇంతకీ మీరు ఖర్చుల పట్టిక కూడా పెట్టారు, చూశాను. ఏడాదిలో ఎక్కువ డబ్బు పోతున్నది రిహార్సల్ గదికి. ప్రదర్శన హాలుకు కూడా అంత కాలేదు. అంటే మీకు కావలసింది మొదట నోట్లు కాదు, చోటు. గోపీచంద్ కథ అందుకే చెప్పాను. దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాలలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు ఒక గది, వారానికి మూడు రోజులు. బదులుగా ఆ బడి పిల్లలకు శనివారం నాటక తరగతి. హెడ్మాస్టరును కలవండి, విద్యాశాఖ అధికారికి ఉత్తరం రాయండి, కార్పొరేషన్ కమ్యూనిటీ హాలుకు కూడా ఒక దరఖాస్తు పెట్టండి. గది ఇవ్వడానికి బడ్జెట్ రిలీజ్ అక్కర్లేదు, టోకెన్ అక్కర్లేదు, మార్చి 31 లేదు. మాటగా ఒప్పుకుంటే సరిపెట్టుకోకండి, రెండేళ్లకు రాతపూర్వకంగా తీసుకోండి. హెడ్మాస్టరు బదిలీ అయితే మాట కూడా బదిలీ అయిపోతుంది.

ప్రదర్శన గ్రాంటుకు బడ్జెట్ కాగితం రాసేటప్పుడు మేకప్, లైట్లు, హార్మోనియం వాళ్ల పారితోషికం మొదటి వరుసలో పెట్టి, మొదటి విడతలోనే వాళ్లకు చెల్లించేలా రాయండి. హాలు అద్దె, సెట్టింగు, కరపత్రాలు ఆ తర్వాత. రెండో విడత ఆలస్యమైతే సంఘం ఆగుతుంది, వాళ్లు ఆగకూడదు. చిత్తుప్రతి తయారయ్యాక ఇక్కడే పెట్టండి. ఒక్కో అంకె చూసి చెబుతాను.